పోరుమామిళ్ళ – అనంతరాజ సాగరం

రాయలసీమ పేరు చెప్పగానే కరువు జ్ఞాపకం రావడం మనకు అలవాటైపోయినది. పత్రికలు, ఉపన్యాసాలు, చివరకు కథలూ కవితలూ కూడా ఈ సీమను ఎండిన నేలగానే చూపుతూ వచ్చాయి. అందులో అబద్ధం లేదు. ఐతే వాన తక్కువగా కురిసే నేలలో కురిసిన నీటిని పట్టి నిలుపుకోవడమెట్లాగో మన పూర్వులు ఎంత శ్రద్ధగా నేర్చుకొన్నారో ఆ చిత్రంలో కానరాదు. నదులు నిండుగా పారే డెల్టావారికి చెరువు ఒక సౌకర్యం. సీమవారికి అది ప్రాణం. అందువల్లనే సీమలో ఊరి కంటె ముందు చెరువు పేరు చెప్పుకొనే పల్లెలు, చిన్న పట్టణాలు అనేకం ఉన్నాయి. వాటిలో ఒకదానిని, కడప జిల్లాలోని పోరుమామిళ్ళను, విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జిల్లా ఉత్తర భాగంలో పడమట నల్లమల, తూర్పున వెలికొండ, ఈ రెండు కొండల వరుసల నడుమ పొడవైన లోయ ఒకటి ఉన్నది. ఈ లోయలోని నీరు రెండు దారులు పడుతుంది. ఉత్తరాన కంభం వైపు గుండ్లకమ్మ, దక్షిణాన సగిలేరు. సగిలేరు గిద్దలూరు, కలసపాడు, పోరుమామిళ్ళ, బద్వేలు ప్రాంతాల మీదుగా సాగి పెన్నలో కలుస్తుంది. కడప జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఆ కొద్ది వాన కూడా సంవత్సరమంతా పంచుకొని రాదు. కొన్ని దినాలలో కుండపోతగా కురిసి, కొండవాగుల వెంట పరుగెత్తి, పెన్నలో పడి సముద్రం చేరుతుంది. ఆ పరుగును ఎక్కడో ఒకచోట ఆపగలిగితేనే ఈ లోయలో వరి పండుతుంది. లేకపోతే మెట్టపైరులే దిక్కు.

పోరుమామిళ్ళ పెద్ద పట్టణం కాదు. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమైనది. చుట్టుపక్కల పల్లెలవారు ఎరువులకు, విత్తనాలకు, వైద్యానికి, పిల్లల చదువులకు వచ్చిపోయే ఊరు. సీమలోని ఇట్టి ఊళ్ళన్నింటిలో వలెనే ముస్లిం కుటుంబాలవారు ఇంట దక్కనీ ఉర్దూ, అంగడిలోనూ పొలంలోనూ తెలుగు మాట్లాడుతారు. పైపైన చూచి వెళ్ళేవారికి ఇందులో వింత ఏమీ తోచదు. కాని ఈ ఊరికి ఆనుకొని ఉన్న చెరువు వయసు ఆరున్నర శతాబ్దాలు. అంతకంటె ముఖ్యమైనది, ఆ చెరువును ఎవరు కట్టారు, ఎట్లా కట్టారు, అసలు చెరువు అన్నది ఎట్లా ఉండాలి అన్న విషయాలు చెప్పే శాసనం ఇక్కడ ఉన్నది.

చెరువులున్న ఊళ్ళవారికి తమ చెరువు పెద్దదని చెప్పుకోవడం ఒక సరదా. కంభంవారు తమది ఆసియాలోనే రెండవ పెద్ద చెరువు అంటారు. మొదటిది ఏది, మూడవది ఏది, కొలిచినవారెవరు అని అడిగితే మాత్రం సమాధానం దొరకదు. కంభం చెరువు గొప్పతనానికి ఆ బిరుదు అక్కరలేదు కూడా. పరిమాణం గురించిన పోటీలో పోరుమామిళ్ళ దిగనవసరం లేదు. చెరువుల సంఖ్యకు కొదవలేని మన దేశంలో, చెరువు కట్టే శాస్త్రాన్ని రాతిమీద చెక్కించిపెట్టిన ఊళ్ళు మాత్రం బహు అరుదు.

శాసనం ఊరిలోని భైరవాలయం ఎదుట నిలిపిన రెండు రాతిపలకలపై ఉన్నది. భాష సంస్కృతం, లిపి నాటి తెలుగు లిపి. కాలం శక సంవత్సరం 1291, సౌమ్య నామ సంవత్సరం, అనగా క్రీ.శ. 1369. విజయనగర రాజ్యం 1336లో స్థాపితమైనదన్న లెక్కలో, అప్పటికి దానికి ముప్పది మూడేండ్లు. గద్దెపై మొదటి బుక్కరాయలు ఉన్నాడు. ఆయన కుమారుడు భాస్కరుడు వెలికొండలకు ఆవల ఉన్న ఉదయగిరి దుర్గంలో ఉండి తూర్పు సీమను పాలించేవాడు. చెరువును త్రవ్వించినవాడు ఇతడే. దానికి అనంతరాజ సాగరమని పేరు పెట్టారు. బుక్కరాయల మంత్రి పేరు అనంతరాజు.

భాస్కరునికి శాసనంలో ‘భవదూరుడు’ అని మరియొక పేరు కనిపిస్తుంది. సంస్కృత పండితులు దీనికి సంసారానికి దూరమైనవాడు అని అర్థం చెప్పవచ్చు. కాని ఉర్దూ వచ్చినవారి చెవికి ఆ పేరు వినగానే ‘బహదూర్’ అన్న మాట తోచక మానదు. ఆ కాలంలో దక్కనులో బహమనీ, విజయనగర రాజ్యాలు రెండూ ప్రక్క ప్రక్కన ఉన్నవి. యుద్ధాలు చేసుకొన్నట్లే మాటలనూ బిరుదులనూ ఇచ్చిపుచ్చుకొన్నాయి. వీరుడైన రాజకుమారుని బహదూర్ అని పిలవగా, శాసనకవి ఆ మాటను శ్లోకంలో ఇమిడేటట్లు భవదూరునిగా మార్చాడనుకొంటే అందులో అసంభవమేమీ లేదు.

ఈ శాసనాన్ని పరిష్కరించి, ఆంగ్లానువాదంతో ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పదునాలుగవ సంపుటంలో ప్రకటించినవారు వి. ఎస్. సుక్తంకర్ గారు. వీరే తరువాత పూనాలోని భండార్కర్ సంస్థలో మహాభారత సంశోధిత ప్రతికి ప్రధాన సంపాదకులై లోకప్రసిద్ధి పొందారు. అంతటి పండితుని చేతిలో పడడం ఈ చిన్న ఊరి శాసనానికి కలిగిన అదృష్టమనే చెప్పాలి.

రాజకుమారుడు చెరువు ఎందుకు త్రవ్వించాడు? పన్ను రాబడి పెరుగుతుంది కనుక అన్నది ఒక సమాధానం; అది నిజమే. ఐతే ఆనాటివారు చెరువును సప్త సంతానాలలో ఒకటిగా లెక్కించారు. కొడుకు, నిధి, గుడి, వనం, కావ్యం, అగ్రహారం, వీటితోపాటు తటాకం కూడ మనిషి వెనుక మిగిలి అతని పేరు నిలిపే సంతానమే. ఇస్లాంలో దీనికి దగ్గరగా ‘సదఖా జారియా’ అన్న భావన ఉన్నది. మనిషి మరణించిన తరువాత కూడా అతని ఖాతాలో పుణ్యం చేరుతూ ఉండే దానమని దాని తాత్పర్యం. బావి త్రవ్వించడం అందుకు అందరూ చెప్పే ఉదాహరణ. ఒకరు సంతానమన్నారు, ఒకరు దానమన్నారు. దప్పిక మాత్రం ఒక్కటే. అనంతరాజ సాగరం వెలసిన రెండు శతాబ్దాల తరువాత ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హైదరాబాదు ప్రాంతాన చెరువు కట్టినప్పుడు దానికి హుస్సేన్ సాగర్ అని పేరు వచ్చినది. ‘తాలాబ్’ అనీ ‘హౌజ్’ అనీ మాటలు చేతిలో ఉండగా, నిలిచినది మాత్రం సాగర శబ్దమే.

ఇక శాసనంలోని అసలు విషయానికి వస్తాము. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, అనగా అంగాలు, కావాలని శాసనం చెబుతున్నది. మొదటిది ధర్మవంతుడు, ధనవంతుడు, శాశ్వతమైన కీర్తిని కోరేవాడైన ప్రభువు. రెండవది జలశాస్త్రం ఎరిగిన పండితుడు. ఈ రెండింటి తరువాతనే నేల ప్రసక్తి వస్తుంది. ఈ వరుసను గమనించాలి. డబ్బు ఇచ్చేవాడు ముందు, తెలిసినవాడు వెంటనే. తెలిసినవానిని అడగకుండా డబ్బు దిగబోయడం ఆనాటికీ తెలియని సంగతి కాదన్నమాట.

మూడవది గట్టి బంకమన్ను గల నేల. నాలుగవది మూడు యోజనాల దూరం నుండి తియ్యని నీరు తెచ్చే ఏరు. ఐదవది చెరువును తాకుతూ ఉండే కొండ. ఆరవది ఆ కొండ భాగాల నడుమ దట్టంగా పేర్చిన రాతి కట్ట. అది మరీ పొడవైనది కాకూడదు, దృఢంగా ఉండాలి. ఈ ఒక్క మాటలో చెరువు కట్టే విద్య సగం ఉన్నది. కట్ట ఎంత పొడవైతే అంత ఖర్చు. అంతకు మించి, తెగడానికి అన్ని చోట్లు. ప్రకృతి కట్టిన కొండను కట్టగా వాడుకొని, మనిషి కట్టేది వాటి సందులను మూసేంత వరకే ఉండాలి. పోరుమామిళ్ళలో జరిగినది సరిగా ఇదే. ఇక్కడి కట్ట పేరుకు ఒక్కటి కాని, నిజానికి నాలుగు కొండలు, వాటిని కలిపే మూడు చిన్న కట్టలు. కొండలతో కలిపి మొత్తం పొడవు సుమారు 14,000 అడుగులు కాగా, అందులో మనుషులు కట్టినది సుమారు 4,500 అడుగులు మాత్రమే. మూడింట రెండు వంతుల పని కొండలే చేసిపెట్టాయి. కట్ట లోపలి వైపు అలల కోతకు నిలిచేందుకు కడప నాపబండలు పరిచారు.

తరువాతి అంగాలలో కొన్ని క్లుప్తంగా చెప్పవచ్చు. కట్ట కొనలు రెండూ పంటనేల వైపునకు తిరగకుండా ఉండాలి. చెరువు గర్భం విశాలంగానూ లోతుగానూ ఉండాలి. నిడుపైన, తిన్నని రాళ్ళు దొరికే గని దగ్గరలో ఉండాలి. దిగువ పొలం సమతలమై, సారవంతమై ఉండాలి. కొండల మలుపుల చేత సుడులు తిరుగుతూ బలంగా వచ్చే నీటిత్రోవ ఉండాలి. చివరిది, పన్నెండవది, నిర్మాణంలో నేర్పు గల పనివారి జట్టు. ప్రభువుతో మొదలైన పట్టిక పనివానితో ముగిసినది. మన సీమలో తరతరాలుగా మట్టిపని, రాతిపని చేస్తూ వచ్చినవారు ఉప్పరులు, వడ్డెరలు. వారిలో ఒక్కని పేరైనా శాసనానికి ఎక్కలేదు. ఐనా వారు లేనిది చెరువు లేదని ఒప్పుకొన్నది.

అంగాల కంటె దోషాల పట్టిక చిన్నది, కాని నాకు అదే మరింత విలువైనదిగా తోస్తుంది. దోషాలు ఆరు. కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై సాగు చేయవలసిన భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం.

మొదటి దోషాన్ని తీసుకొందాము. కట్ట దిగువన నీరు తేటగా ఊరితే రైతు అంతగా కలవరపడడు. ఆ ఊట బురదగా వచ్చిననాడు మాత్రం ఊరంతా కదలాలి. నీటితోపాటు కట్టలోని మన్ను కూడా కొట్టుకొని వస్తున్నదనడానికి అది గుర్తు. లోపల సన్నని సొరంగం ఏర్పడి, అది వెడల్పై, ఒక రాత్రి కట్ట కూలుతుంది. నేటి ఇంజనీర్లు పరికరాలు పెట్టి కనిపెట్టే ఈ ప్రమాదానికి శాసనకర్త దోషాలలో మొదటి స్థానం ఇచ్చాడు. చెరువు నడుమ మెరక ఉంటే నీరు నిలిచే చోటు తగ్గి, పారకం తగ్గుతుంది. చవుడు నేల సంగతి చెప్పనక్కరలేదు. అది కట్టకూ పనికిరాదు, పైరుకూ పనికిరాదు.

మూడవ దోషం చూస్తే ఈ శాసనం నిన్న మొన్న వ్రాసినదేమో అనిపిస్తుంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టరాదట! ఎందుకంటే నీరు ఎవరిది అన్న తగవు చెరువు నిండకముందే మొదలౌతుంది. కృష్ణా జలాల కోసం రాష్ట్రాల మధ్య ట్రిబ్యునళ్ళు వేసిన దేశంలో, 2014లో రాష్ట్రం రెండైన తరువాత మళ్ళీ అదే నది గురించి వాదోపవాదాలు సాగిన కాలంలో మనం ఉన్నాము. ఐతే ఈ దోషానికి విరుగుడు కూడా ఇదే ప్రాంతంలో కనబడుతుంది. మద్రాసు నగర దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ తలా 5 టి.ఎం.సి.ల కృష్ణానీరు వదులుకోవడానికి 1976లో అంగీకరించాయి. దాని ఫలితమైన తెలుగుగంగ కాలువ ఈ జిల్లా గుండానే పోతుంది. పోరుమామిళ్ళకు దక్షిణాన బ్రహ్మంగారి మఠం దగ్గర బ్రహ్మసాగరం జలాశయం వెలసినది దాని పుణ్యమే. సరిహద్దులు దాటే నీరు కూడా ఒప్పందం ఉంటే ప్రవహిస్తుందన్నమాట.

నిర్మాణ వివరాలు కూడా శాసనంలో ఉన్నవి. దినానికి వేయిమంది కూలీలు పని చేశారు. తూములకు, గోడలకు కావలసిన రాయి తోలడానికి నూరు బండ్లు తిరిగాయి. పని పూర్తి కావడానికి రెండేండ్లు పట్టినది. ధనధాన్యాల ఖర్చుకు లెక్క లేదట. నేటి లెక్కలో చెప్పాలంటే ఇంచుమించు ఏడు లక్షల పనిదినాలు. కృష్ణదేవరాయల కాలంలో 1520 ప్రాంతాన విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయలు కట్టిస్తున్న ఒక పెద్ద చెరువు దగ్గర పదునైదు ఇరవై వేలమంది పని చేయడం చూచానని వ్రాశాడు. ఆ చెరువు అప్పటికే రెండు మూడు మార్లు తెగిపోయినదని కూడా వ్రాశాడు. చక్రవర్తి బలం చాలని చోట, కొండల సందు చూచి కట్టిన పోరుమామిళ్ళవారి ఒడుపు ఎంతటిదో దీనివల్ల తెలుస్తుంది.

కట్ట కొలతలను శాసనం రేఖాదండాలలో చెప్పినది: పొడవు 5,000, వెడల్పు 8, ఎత్తు 7. సుక్తంకర్ గారి కాలపు కొలతలతో పోల్చి చూస్తే ఆసక్తికరమైన సంగతి ఒకటి బయటపడుతుంది. పొడవును బట్టి లెక్కిస్తే రేఖాదండం గజానికి కొంచెం తక్కువ వస్తుంది. ఆ లెక్కన ఎత్తు ఇరవై అడుగులు. కాని కట్ట లోతైన చోట సుమారు 33 అడుగులు ఉన్నది! మొదటి కట్టపై తరువాతివారు మరింత మన్ను ఎత్తి ఉంటారని ఊహించడానికి వీలున్నది. పూడిక పేరుకొన్నకొద్దీ నీరు నిలవాలంటే కట్ట ఎత్తు చేయక తప్పదు కదా. ఊహ సంగతి ఎట్లున్నా, ఆరువందల యాభై ఏండ్లు నిలిచిన చెరువును ఒక్క భాస్కరుని ఖాతాలో వేయడం న్యాయం కాదు. కట్టించినవాడు రెండేండ్లు కష్టపడ్డాడు. కాపాడినవారు ప్రతి ఏడూ కష్టపడ్డారు.

ఆ కాపాడే ఏర్పాటు ఎట్లా ఉండేదో తెలుసుకోవలసి ఉన్నది. సీమలో, ముఖ్యంగా కడప ప్రాంతంలో, దశబంధ మాన్యాలు ప్రసిద్ధం. చెరువు కట్టినవానికి గాని బాగుచేసినవానికి గాని దాని క్రింది భూమిలోనో పంటలోనో కొంత భాగం మాన్యంగా ఇచ్చేవారు; పదవ వంతు అన్నది పేరులోనే ఉన్నది. ప్రతిగా చెరువు బాగోగులు అతని బాధ్యత. కట్ట తెగితే ముందు అతని పంట పోతుంది. అందువల్ల ఎవరూ చెప్పకనే ఎలుక కన్నాలు, పంది త్రవ్విన గుంతలు పూడ్చుకొనేవాడు. తూము తీసి కట్టడానికీ, వంతుల ప్రకారం పొలాలకు నీరు పెట్టడానికీ నీరుగంటి ఉండేవాడు. అతనికి జీతం లేదు. కళ్ళంలో మేర ఉండేది. ఏటేటా ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు రైతులు పూడిక మన్ను బండ్లకెత్తి పొలాలకు తోలుకొనేవారు. చెరువు లోతు పెరిగేది, పొలానికి బలం వచ్చేది.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువారికి వదిలివేసిన తరువాత మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పని చేశాడు. ఈ సీమలో కొత్తగా చెరువు కట్టడానికి అనువైన చోటు దాదాపు మిగలలేదని, వీలున్న ప్రతిచోటా ఇక్కడివారు ఎప్పుడో కట్టివేశారని ఆయన అభిప్రాయపడ్డాడు. పరాయివాడు ఇచ్చిన యోగ్యతాపత్రం కనుక దీనికి విలువ ఎక్కువ. ఐతే ఆ ప్రభుత్వం క్రింద శిస్తు వసూలు బిగిసినకొద్దీ మాన్యాల మీద, ఊరుమ్మడి పని మీద ఆధారపడిన పాత ఏర్పాటు సడలినది. రైతులు ఆనవాయితీగా చేసే పనిని చట్టంతో చేయించాలని 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చినది. ఇష్టంగా చేసేదానిని నిర్బంధంగా చేయించబోతే ఏమౌతుందో వేరే చెప్పాలా? స్వాతంత్ర్యానంతరం 1956 నాటి ఇనాముల రద్దు చట్టం భూసంస్కరణల దృష్టితో సమంజసమైనదే. కాని మాన్యంతోపాటు దానికి ముడిపడిన బాధ్యత కూడా రద్దైన సంగతిని ఎవరూ పట్టించుకోలేదు. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చి చెరువును మళ్ళీ రైతుల చేతికి ఇవ్వజూచినది. సంఘం పేరు వచ్చినంత సులభంగా నీరుగంటికి ఉండిన మాట చెల్లుబాటు రాలేదు.

ఈలోగా బోరుబావులు వచ్చాయి. ఎవరి బోరు వారిదైన తరువాత, చెరువు అందరిదీ కనుక ఎవరిదీ కాకుండా పోయినది. నిజానికి చెరువులో నీరు నిలిస్తేనే చుట్టూ భూమిలోనికి ఇంకి బోర్లకు నీరు అందుతుంది. చెరువును మరచిన రైతు తన బోరునే ఎండబెట్టుకొంటున్నాడు. సీమ చెరువులలో ఎక్కడ చూచినా పూడిక, అందులో సర్కారు తుమ్మ, అంచులలో ఆక్రమణలు కనిపిస్తాయి. శాసనం చెప్పిన నాలుగవ దోషం, అనగా నడుమ మెరక, ఆనాడు చోటు ఎంచుకోవడంలో తప్పించుకోవలసినది. ఈనాడు మనమే తెచ్చిపెట్టుకొన్నది. పూడిక వల్ల నీరు తగ్గి, ఆయకట్టు కాగితంపై అంతే ఉండడంతో ఐదవ దోషం కూడా దానంతట అదే వచ్చి చేరుతుంది.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం పోరుమామిళ్ళ చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలలో ఒకటిగా గుర్తించినది. కంభం చెరువుకూ, కర్నూలు – కడప కాలువకూ కూడా అదే ఏడు ఆ గౌరవం దక్కినది. సంతోషించవలసిన విషయమే. కాని వారసత్వం అన్న మాట ఒక్కొక్కప్పుడు అద్దాల పెట్టెలో పెట్టిన వస్తువును తలపిస్తుంది. కోటను చూచి రావచ్చు, చెరువును చూస్తే చాలదు. తూము మూసుకుపోయిన చెరువుకు బిరుదు వల్ల నీరు పారదు.

మన కళాశాల విద్యార్థులకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన అర్హత ఉన్నదని నా నమ్మకం. పోరుమామిళ్ళ చెరువు కథ తెలుసుకోవాలంటే మూడు భాషలు కావాలి. శాసనం సంస్కృతంలో ఉన్నది. కట్టమీద వినబడే మాటలు తెలుగు: తూము, అలుగు, మరవ, ఆయకట్టు, మాగాణి, పూడిక. ఆ చెరువు క్రింది లెక్కలు మాత్రం పారసీక, అరబ్బీ మాటలతో నిండి ఉంటాయి: జమాబందీ, ఫసలీ, ఖరీఫ్, రబీ, ఇనాము, జరీబు. నైజాం ప్రాంతంలో మాగాణికి తరి, మెట్టకు ఖుష్కి అని కూడా అన్నారు. రైతు నోట నిత్యం వినబడే ‘మరమ్మతు’ అన్న మాట అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా వచ్చి అచ్చ తెలుగు మాట వలె స్థిరపడినది. చెరువు కట్టడానికి సంస్కృత పదం, నీరు పెట్టడానికి తెలుగు పదం, బాగుచేయడానికి ఉర్దూ పదం! పాత రెవెన్యూ దస్త్రాలు చదవగలిగేవారు తగ్గిపోతున్న ఈ రోజులలో, ఇంట ఉర్దూ, బడిలో తెలుగు నేర్చిన పిల్లలు చేయగల పని ఇక్కడ ఎంతో ఉన్నది.

కళాశాల కార్యవర్గంవారికి ఈ సందర్భంలో ఒక చిన్న విన్నపం. ఏటేటా మన విహారయాత్రలు ఊటీ, మైసూరు, బెంగుళూరు చుట్టూ తిరుగుతున్నాయి. ఉద్యానవనాలు చూడవలసినవే. ఒక ఏడు చరిత్ర, తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులను కలిపి పోరుమామిళ్ళకు పంపితే ఖర్చూ తక్కువ, ఫలమూ ఎక్కువ.

వెళ్ళేవారు నవంబరు, డిసెంబరు నెలలలో వెళ్ళడం మంచిది; వానలు సరిగా కురిసిన ఏడు చెరువు నిండుగా ఉంటుంది. ఊరినుండి ముందుగా భైరవాలయానికి పోయి శాసనపు పలకలను చూడాలి. ఉదయపు ఏటవాలు వెలుగులో అక్షరాలు స్పష్టంగా కనబడతాయి. పలకపై సుద్ద, పసుపు వంటివి రుద్దరాదు. తరువాత కట్ట ఎక్కి ఒక కొనకు నడిచి, కొండ ఎక్కడ ముగిసి కట్ట ఎక్కడ మొదలైనదో గుర్తించాలి. అది కంటికి అంత సులభంగా దొరకదు. కట్ట లోపలి వైపు నాపబండలను, తూము దగ్గరి నిలువు రాతికంబాలను చూచి, అక్కడినుండి కాలువ వెంట దిగువకు పోతే మాగాణి వస్తుంది. నాట్లు వేస్తున్న రైతు ఎవరైనా కనిపిస్తే ఈ ఏడు మరవ పారినదా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మిగిలిన సంగతులన్నీ ఆయనే చెబుతాడు.